గుగ్గిలం

స్టేజీని తుడిచి తుడిచి
అద్దం మాదిరి చేసి పెట్టినారు మనోళ్ళు, మర్యాదకని.
ఆ జపానామె వచ్చి ఒక కాలు మోపి
చప్పున వెనక్కి తీసుకునింది,
కాగే నీళ్ళల్లో పెట్టినట్టు.

జర్మనీ నుంచి వచ్చిన బ్యాలే జట్టు అది.
తిరుపతిలో ఒక్క రాత్రి ఆట.
పదహారు మందిలో ఈమె ఒక్కతే జపాను. పేరు కయోకో.
గంగులమ్మ, వర్సిటీలో ఎమ్మే చదివే పిల్ల,
ఆమె మాట నాకు అందించింది:
"నేల జారతా ఉండాదంట అన్నా. గుగ్గిలం కావల్లంట."

మోపెడ్డేసుకుని బండ్ల వీధికి పోయినా.
ఒక శెట్టి సాంబ్రాణి పొట్లం కట్టిచ్చినాడు.
ఇంకొక శెట్టి, ఏ దేవుడికి సామీ అన్నాడు.
కాళ్ళకంటే
నవ్వినాడు.

తిరిగొచ్చి తల గోక్కుంటా నిలబడితే
నా పనిముట్ల పెట్టె నోరు తెరుచుకోనుంది.
టంకం కడ్డీ పక్కన, పాత కొబ్బరి నూనె డబ్బీలో
తేనె రంగు గడ్డ.
వైర్లు అతికేది దీంతోనే గదా ఇన్నేళ్ళూ!
రాగి మీద సీసం నిలవాలంటే
ముందు ఇది కరగల్ల.

ఆమె వాసన చూసింది.
కాగితంలో చుట్టి మడమతో నలిపింది.
ఆ పొడిలో బూటు ముక్కు అద్దింది,
కోడి మన్ను గెలికినట్టు.
అప్పుడేమందో గంగులమ్మ చెప్పలేదు,
చెప్పే పని లేకపోయింది.

బూట్లిప్పినప్పుడు చూసినా ఆ పాదాలు.
అలిపిరి మెట్లెక్కి దిగినోళ్ళ కాళ్ళు
పుట్టినప్పటి నుంచీ చూస్తా ఉండా,
బొబ్బలూ, పసుపు పూసిన పగుళ్ళూ.
ఇవి వేరే.
బొటనవేలికి గోరు లేదు,
ఉండాల్సిన చోట నున్నటి తోలు.
ఏ కొండ ఎక్కినాయని అడగలేక
టీ గ్లాసు ముందుకు జరిపినా.

పదిహేనేళ్ళకు ఊరు విడిచిందంట, మంచు కురిసే ఊరు.
తొలి ఏడు ఆ దేశంలో ఆమెకు వచ్చిన మాటలు మూడే:
ఇంకోసారి. మోకాలు. పర్లేదు.
ఇరవై రెండేళ్ళు, ఎన్నెన్ని ఊళ్ళో,
అన్ని ఊళ్ళల్లోనూ తెల్ల గౌన్ల వరసలో
ఎడమ నుంచి ఏడో మనిషి.
"నన్ను ఎవురన్నా చూసినారంటే
నేను తప్పు చేసినట్టు" అనిందంట, నవ్వతా.

నాకు గుచ్చుకునింది.
లైట్లేసేవోడి బతుకూ అంతే గదా.
ఎవుడన్నా తలెత్తి నా పక్క చూసినాడంటే
ఫ్యూజు పోయినట్టు.

రాత్రి ఆట.
పెద్ద లైటు నా చేతిలో, నాయిక వెంట తిప్పల్ల.
తిప్పతానే ఉండా.
ఆఖరున ఏమైందో, చెయ్యి నా మాట వినలా.
మూడు లెక్కబెట్టేంత సేపు
వెలుగు పోయి ఏడో మనిషి మీద నిలబడింది.

మెరిసిపోతాదనుకున్నా.
ఆమె రెప్ప కూడా ఆడించలేదు.
పక్కోళ్ళ చేతులెంత ఎత్తులో ఉండాయో
ఆమె చేతులూ అంతే ఎత్తు, ఒక నూలు పోగు తేడా లేదు.
గొంతు కింద నరమొకటి మాత్రం
బిగిసింది.

చప్పట్లు. నన్నెవురూ తిట్టలా. ఎవురికీ తెలీలా.
బస్సెక్కే ముందు ఆమె ఒక్కతే,
గంగులమ్మ లేకుండా, నా దగ్గరికొచ్చింది.
ఎప్పుడడిగి నేర్చుకునిందో,
పలుకు పలుకూ విడదీసి, తెలుగులో:
"పర్. లే. దు."

క్షమించిందా,
బాగుందనిందా.
మా భాషలో ఆ మాట రెండు పక్కలా తెగుతాది.

గంగమ్మ జాతరకు మొన్న సీరియల్ సెట్టు అతికిస్తా
ఆ డబ్బీ తెరిచినా.
మిగిలిన గడ్డకు అంటుకోని
గులాబీ రంగు పట్టు పోగొకటి.
దాన్ని పక్కకు జరిపి కడ్డీ పెట్టినా.
పొగ లేచింది, జాయింటు నిలిచింది.
వీధంతా లైట్లు.
మాతంగి వేషగాణ్ణి చూస్తా జనం పోతా ఉండారు,
నా పక్క ఒక్కరూ చూళ్ళేదు.